అన్నం గిన్నెతో కొండ మీదికి

"ఆ జపాను బొమ్మల సినిమా మళ్ళీ వేస్తున్నాం, ఆదివారం పొద్దున," అన్నాడు సుబ్రహ్మణ్యం, చొక్కాకి గుండీ ఊడిన చోట వేలు పెట్టి చూపిస్తూ.

సుందరి సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కబోయిన దారం పక్కకి తప్పుకుంది.

"ఏదండీ?" అంది, తెలిసే.

"అదేనోయ్, ఒకావిడ అన్నం తినబోతూ లేస్తూ కూర్చుంటూ ఉంటుందే! ఆ రోజు నవ్వలేక చచ్చాం. ఆ రీలు డబ్బా క్లబ్బు బీరువాలో బూజు పడుతోందని విశ్వేశ్వరరావు గారు బయటికి తీయించారు. క్లబ్బు వార్షికోత్సవం కదా, పిల్లలకి కాలక్షేపం. నూట ఇరవై టీలు. నువ్వు చూసుకుంటావుగా?"

చివరి మాట ప్రశ్నలాగే పలికాడు గానీ, అది ప్రశ్న కాదని ఇద్దరికీ తెలుసు. సుందరి గుండీ కుట్టి, దారం పంటితో కొరికి, చొక్కా అందించింది.

బాలాత్రిపురసుందరి అని తాతగారు నోరారా పెట్టుకున్న పేరు. అత్తవారింటికి వచ్చాక అది పొట్టిదై సుందరి అయింది. చందానగర్ దాటాక బొంబాయి రోడ్డు పక్కన ఉన్న ఈ పంపుల ఫ్యాక్టరీ కాలనీకి వచ్చాక అదీ పోయి, సుబ్రహ్మణ్యం గారి మిసెస్ అయింది. అందుకు ఆవిడేం బాధపడలేదు. దేవుడికే వెయ్యి పేర్లున్నాయి, మనిషికి మూడుంటే ఏం అనుకునేది. కాకపోతే ఎవరైనా ఎప్పుడైనా పూర్తి పేరు పెట్టి పిలిస్తే తను పలుకుతుందా అని మాత్రం అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది. కాలనీ చుట్టూ గుట్టలు. ఎవరో పెద్ద చేత్తో రాయి మీద రాయి పేరుస్తూ పేరుస్తూ, లోపల్నించి పిలుపొస్తే మధ్యలో వదిలేసి పోయినట్టుంటాయి. గోదావరి కాలవల పక్కన పుట్టిన సుందరికి మొదట్లో ఆ రాళ్ళని చూస్తే బెంగగా ఉండేది. ఆ బెంగ ఎప్పుడు పోయిందో ఆవిడకి బాగా గుర్తు. ఏడేళ్ళ కిందట, ఆ బొమ్మల సినిమా చూశాకే.

అప్పుడు ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి జపాను నుంచి ఇంజనీర్లు వచ్చారు. వాళ్ళలో ఒకాయన భార్యాపిల్లలతో వచ్చి ఏడాది ఉన్నాడు. పిల్లలకి తోచక ఏడుస్తుంటే వాళ్ళ దేశంలో టెలివిజన్‌లో వారం వారం వచ్చే బొమ్మల కథ ఒకటి రీలు తెప్పించాడు. ఒకే కుటుంబం. ఇంటి ఇల్లాలు, సన్నగా పొడుగ్గా తాటిచెట్టులాంటి మొగుడు, ఉండ్రాయంత అత్తగారు, ఇద్దరు పిల్లలు, ఒక బాతు. వాళ్ళింట్లో వారానికొక తమాషా జరుగుతుంది. అలాంటివి వందల కొద్దీ ఉన్నాయట. వీళ్ళకి వచ్చింది మాత్రం ఒక్క వారానిది. ఆ దసరాకి దాన్ని క్లబ్బులో వేశారు. సుబ్రహ్మణ్యం జపానులో ఆర్నెల్లు ట్రైనింగు అయి వచ్చినవాడు. ప్రొజెక్టరు పక్కన నిలబడి ప్రతి మాటకీ తెలుగు చెప్పాడు. "ఇప్పుడు ఆవిడ 'వస్తున్నా వస్తున్నా' అంటోంది... ఇప్పుడు అత్తగారు 'మా కాలంలోనైతేనా' అంటోంది..." అని. ఏ దేశపు అత్తగారైనా అంతేనని హాలంతా నవ్వు.

కథ ఏముంది? ఇల్లాలు వంట చేస్తుంది. అందరికీ వడ్డిస్తుంది. తన గిన్నెలో అన్నం పెట్టుకుని కూర్చుంటుంది. గిన్నె మీద ఆవిరి వంకీలు తిరుగుతూ పైకి లేస్తుంది. ముద్ద నోటిదాకా వెళ్ళేసరికి మొగుడు పిలుస్తాడు. లేస్తుంది. వచ్చి కూర్చునేసరికి అత్తగారు పిలుస్తుంది. లేస్తుంది. పిల్లవాడు, పిల్ల, వీధి గుమ్మంలో పోస్టుమాను, పొయ్యి మీద పాలు, మళ్ళీ మొగుడు. చివరికి బాతు కూడా ముక్కుతో చెంగు లాగుతుంది. ప్రతిసారీ ఆవిరి కొంచెం సన్నబడుతుంది. బొమ్మలు గీసినవాడెవడో గానీ ఆవిరిని మాత్రం ప్రాణం పెట్టి గీశాడు. ఎనిమిదిసార్లు కూర్చుంది, ఎనిమిదిసార్లు లేచింది. సుందరి వేళ్ళ మీద లెక్కపెట్టింది. హాలు విరగబడి నవ్వింది. సుందరి కూడా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఇంకా తుడుచుకుంటూనే ఉండిపోయింది.

తొమ్మిదోసారి పిలుపు వచ్చినప్పుడు ఆ ఇల్లాలు గిన్నె వంక చూసింది. గిన్నె చేతిలోకి తీసుకుంది. గుమ్మంలోకి నడిచింది. అక్కడ ఆగి ఏదో ఒక్క మాట అంది. చెప్పులేసుకుని, గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. వీధి చివర ఒక వంతెన. వంతెన అవతల కొండ. రాయి మీద రాయి పేర్చిన కొండ. దాని మీదికి ఎక్కుతుంటే కింద ఊరు చిన్నదైపోయి, దూరంగా సముద్రం కనిపిస్తుంది. అక్కడొక రాయి మీద కూర్చుని అన్నం తింటుంది. నెమ్మదిగా, ఒక్కొక్క మెతుకూ. ఎవరూ పిలవరు. గిన్నెలో అన్నం తరగదు, ఆవిరీ తగ్గదు.

ఆ కొండ సుందరికి ఏడేళ్ళుగా తోడు. కంచం ముందు కూర్చున్నాక "సుందరీ!" అని పిలుపొస్తే చేయి కడుక్కుంటూ లేచేది గానీ, మనసు మాత్రం గిన్నె పట్టుకుని వంతెన దాటేది. "నీకేమోయ్, ఇంట్లో కూర్చునే దానివి" అని ఆయన అన్న రోజు కొండ మీద గాలి బాగా వీచింది. క్లబ్బు సంవత్సర నివేదికలో "సభ్యులకు నెల నెలా రుచికరమైన తేనీరు అందించిన శ్రీ సుబ్రహ్మణ్యం గారికి ధన్యవాదములు" అని చదివినప్పుడు అందరితోపాటు తనూ చప్పట్లు కొట్టి, కొండెక్కి కాసేపు కూర్చుంది. "అన్నం పరబ్రహ్మస్వరూపమే, తింటూ తింటూ లేవకూడదే" అని చెప్పి, ఆ నోటితోనే "కాస్త ఆ మజ్జిగ గిన్నె ఇలా అందుకో" అనే అత్తగారు పుణ్యవతి గారి మీద కూడా అక్కడ కూర్చుంటే కోపం వచ్చేది కాదు. నవ్వొచ్చేది. దేవుడికి మహానైవేద్యం పొగలు కక్కుతూ పెడతాం. పెట్టినవాళ్ళు తినే వేళకి చల్లారిపోతుంది. చల్లారిన అన్నంలో పరబ్రహ్మం ఉంటాడా, వేడి తగ్గాక ఆయనా లేచి ఎవరి పిలుపుకో వెళ్ళిపోతాడా అని అడుగుదామనుకునేది ఎవర్నైనా. ఎవర్ని అడుగుతుంది? పెరటి గోడ అవతలి గుట్టలు నెమ్మదిగా ఆ కొండలాగే కనబడసాగాయి. బెంగ పోయింది.

ఆదివారం వచ్చింది. మాఘమాసం. మాఘ ఆదివారాలు సూర్యుడికి నోము పట్టింది సుందరి. తెల్లవారుతూనే పెరట్లో పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టింది. పుణ్యవతి గారు పీట మీద కూర్చుని కథ అందుకున్నారు. సుందరి గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని కళ్ళు మూసుకుంది. కథ చివరిదాకా విని, ఆ అక్షింతలు నెత్తిన వేసుకుంటేనే ఫలం. మధ్యలో లేవకూడదు. కథ సగానికి వచ్చింది.

"సుందరీ! వేణ్ణీళ్ళేవీ? అవతల తొమ్మిదింటికే క్లబ్బులో ఉండాలి!"

సుందరి కళ్ళు తెరిచి అత్తగారి వంక చూసింది. పుణ్యవతి గారు చూపు పుస్తకం మీంచి ఎత్తకుండా, "వెళ్ళు. అక్షింతలు కొంగున ముడేసుకో. తీరిగ్గా ఎప్పుడో మిగతా కథ వింటూ వేసుకుందువుగాని," అన్నారు.

అలా ముడేసుకున్న కొంగుతోనే క్లబ్బుకి వెళ్ళింది సుందరి. పగటి పూట ఆట కాబట్టి కిటికీలకి దుప్పట్లు కట్టారు. వాటిలో రెండు సుందరి ఇంటివే. చిరుగుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంటే హాలంతా పట్టపగలు నక్షత్రాలు పొడిచినట్టుంది. సుందరి, పదమూడేళ్ళ కూతురు రత్నమాలతో, పక్క గుమ్మం దగ్గరి ఆఖరి బెంచీ మీద కూర్చుంది. అది టీ వాళ్ళ బెంచీ. దానికో పద్ధతి ఉంది. సినిమా అయిపోయి దీపాలు వెలిగేసరికి మేనేజరు విశ్వేశ్వరరావు గారి చేతిలో టీ కప్పు ఉండాలి. ఆయన ఇలా కావాలని ఎన్నడూ అడగలేదు. మొదట్లో ఒకసారి అలా కుదిరింది, "భేష్" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని సుబ్రహ్మణ్యం దాన్ని ఆచారం చేశాడు. సినిమా ఇంకో పది నిమిషాలుందనగా ప్రొజెక్టరు దగ్గర్నించి టార్చి లైటు రెండుసార్లు వెలిగించి ఆర్పుతాడు. అది చూసి సుందరి లేచి, హాలు వెనక రేకుల షెడ్డులోకి వెళ్ళాలి. ఇన్నేళ్ళలో ఎన్ని సినిమాలు చూసిందో, ఒక్కదాని చివరా ఆవిడకి తెలియదు. ఆవిడ ఎరిగిన కథానాయికలందరూ ఇంకా కష్టాల్లోనే ఉన్నారు.

షెడ్డులో పోచమ్మ పొయ్యి రాజేస్తోంది. పక్క ఊరి మనిషి, కాలనీలో నాలుగిళ్ళ పని చేస్తుంది.

తెర మీద బాతు నడుచుకుంటూ వచ్చింది. పిల్లలు గోల చేశారు. ఇల్లాలు అన్నం వార్చింది. ఏడేళ్ళ తర్వాత చూస్తుంటే పుట్టింటి వాళ్ళని రైలు కిటికీలోంచి చూసినట్టుంది సుందరికి. అదే పొయ్యి, అదే గిన్నె, అవే ఆవిరి వంకీలు. తను వయసులో పెద్దదైంది, ఆవిడ మాత్రం కాలేదు. ఒకటి, రెండు, మూడు. కూర్చోవడం, లేవడం. సుబ్రహ్మణ్యం గొంతు చీకట్లో ఖంగుమంటోంది. "ఇప్పుడు మొగుడు 'నా కళ్ళజోడేదీ' అంటున్నాడు!" కళ్ళజోడు మొగుడి నెత్తి మీదే ఉంది. హాలంతా నవ్వు. ఆరు, ఏడు, ఎనిమిది. సుందరి ముందుకి వంగింది. ఇంక వస్తుంది. వంతెన వస్తుంది. కొండ వస్తుంది.

తొమ్మిదో పిలుపు. ఇల్లాలు గిన్నె చేతిలోకి తీసుకుంది. గుమ్మంలో ఆగి ఒక్క మాట అంది.

"'ఉప్పు అయిపోయింది, పక్కింట్లో అడిగి తెస్తా' అంటోంది," అన్నాడు సుబ్రహ్మణ్యం.

సుందరి ఉలిక్కిపడింది. పోయినసారి ఈయన ఈ మాటకి ఇలా చెప్పలేదు. "దొడ్లోనే ఉంటా, పిలిస్తే పలుకుతా" అని చెప్పాడు. అంటే ఆవిడ గుమ్మంలో ఏమందో ఈయనకీ తెలియదన్నమాట. ఏడేళ్ళుగా తెలియదు.

టార్చి రెండుసార్లు వెలిగి ఆరింది.

కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. పదిహేనేళ్ళ కాపురం కాళ్ళవి, వాటి తప్పేం లేదు. సుందరి బెంచీ అంచు పట్టుకుంది. కొంగు ముడి చేతికి తగిలింది. ముడిలో పొద్దుటి అక్షింతలు, సగం కథవి. విప్పి గుప్పిట్లోకి తీసుకుంది. గుప్పిట మూసింది. లేవలేదు.

టార్చి మళ్ళీ వెలిగింది. ఈసారి సూటిగా ఆవిడ మొహం మీదే. ముందు వరసల్లో ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు.

"నేను వెళ్తానులేమ్మా, నువ్వు చూడు," అని రత్నమాల లేచింది.

ఆ 'నేను వెళ్తానులే' సుందరికి గుండెల్లో గుచ్చుకుంది. ఎంత చక్కగా, ఎంత సహజంగా లేచింది పిల్ల! ఎవరు నేర్పారు దీనికి? తనే, ఇంకెవరు? పిల్ల మణికట్టు పట్టుకుంది.

"కూర్చో."

"నాన్నగారు తిడతారు."

"కథ మధ్యలో లేవకూడదు. కూర్చో తల్లీ."

పక్క గుమ్మంలోంచి పోచమ్మ తొంగి చూసింది. "అమ్మా, నీళ్ళు మసులుతున్నయ్. ఆకు వెయ్యాల్నా? రావా ఏంది?"

"పొయ్యి తగ్గించి నువ్వూ రా పోచమ్మా. ఇక్కడ కూర్చో."

"నేనా? సారు జూస్తే?"

"చూడనీ."

పోచమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని, బెంచీ మీద కాకుండా కింద, సుందరి కాళ్ళ దగ్గర కూర్చోబోయింది. సుందరి జరిగి చోటిస్తే పైన కూర్చుంది. తెర వంక చూసి, "గామె అన్నం పట్టుకొని యాడికి పోతున్నది?" అంది.

"కొండెక్కుతుంది. చూడు," అంది సుందరి.

ఇల్లాలు వీధిలో నడుస్తోంది. వెనక ఇంట్లోంచి మొగుడు పరిగెత్తుకొచ్చాడు, చేతిలో ఖాళీ గిన్నె. అతని వెనక అత్తగారు, ఆవిడ చేతిలోనూ ఖాళీ గిన్నె. పిల్లలు. పోస్టుమాను కూడా. ఊరేగింపులా ఒకళ్ళ వెనక ఒకళ్ళు, అందరి చేతుల్లోనూ గిన్నెలు. వీధి సగానికి వచ్చేసరికి ఇల్లాలు వెనక్కి తిరిగి చూసింది. అందరూ గిన్నెలు ముందుకి చాచారు. మారు అన్నం కావాలట. ఆవిడ నుదురు కొట్టుకుంది, నవ్వింది, వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. అందరికీ మళ్ళీ వడ్డించింది. తన గిన్నె ముందు కూర్చుంది. గిన్నె ఖాళీ. పక్కన బాతు, ముక్కుకి ఒక మెతుకు. అయిపోయింది. తెర తెల్లబడింది.

హాలంతా గొల్లుమంది.

ఆ నవ్వు! సుందరి ఆ నవ్వు ఇదివరకే విన్నది. ఇక్కడ, ఈ బెంచీ మీద కాదు. రేకుల గోడ అవతల్నించి విన్నది. ఏడేళ్ళ కిందట ఈ మాటకే, ఈ గుమ్మం దగ్గరే టార్చి రెండుసార్లు వెలిగింది. తను లేచింది. షెడ్డులో పెద్ద గిన్నెలో నీళ్ళు మసులుతున్నాయి. ఆవిరి మొహం నిండా కమ్మేసింది. గోడ అవతల అందరూ ఒక్కసారిగా నవ్వారు. చివర్న ఏమైందని ఆరేళ్ళ రత్నని అడిగితే, "ఏమో అమ్మా, అందరూ నవ్వారు" అంది. ఆ రాత్రి నిద్రలో వంతెన వచ్చింది. మర్నాడు కొండ. తర్వాతెప్పుడో సముద్రం. ఎప్పటినుంచి అది కలగా ఉండటం మాని సినిమా అయిపోయిందో ఆవిడకి తెలియదు.

వంతెన లేదు. కొండ లేదు. సముద్రం లేదు. ఆవిడ వీధి చివరిదాకా కూడా వెళ్ళలేదు.

ఏడుపు వస్తుందేమోనని సుందరి కాసేపు ఎదురుచూసింది. రాలేదు. వచ్చింది వేరే ఏదో. బొమ్మ గీయడమే చేతకాని తను, ముగ్గులో చుక్కలు లెక్క తప్పే తను, ఒక కొండ గీసింది. రాయి మీద రాయి పేర్చి, మధ్యలో ఎవరి పిలుపుకీ లేవకుండా, శిఖరం దాకా గీసింది. ఏడేళ్ళు దాని మీద కూర్చుంది. ఆ గిన్నె చల్లారకుండా కాపాడింది ఆ జపాను ఇల్లాలు కాదు.

"గంతేనా?" అంటోంది పోచమ్మ పక్కన, నిజంగానే కోపంగా. "మల్ల ఇంటికే వచ్చెనా? గీ మాత్రానికి గంత దూరం నడుసుడెందుకు?"

సుందరి గుప్పిట విప్పింది. నోము కథ ముగించేటప్పుడు పెద్దలు అనే మాట పెదాల మీదికి వచ్చింది. కథ తప్పినా వ్రతం తప్పకూడదు, భక్తి తప్పినా ఫలం తప్పకూడదు. అక్షింతలు నాలుగు రత్న నెత్తిన వేసింది, నాలుగు పోచమ్మ నెత్తిన. మిగిలినవి తన నెత్తిన వేసుకుంది.

"గిదేందమ్మా, సినిమాకు గూడ అచ్చింతలా!" అని పోచమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

దీపాలు వెలిగాయి. ముందు వరసలో విశ్వేశ్వరరావు గారి కుడిచెయ్యి అలవాటుగా పక్కకి చాచి ఉంది, వేళ్ళు కప్పు చెవి పట్టుకునేంత వంపు తిరిగి. కప్పు లేదు. ఆయన తన చేతినే కాసేపు చూసుకున్నారు, అది ఎవరిదో అన్నట్టు. తర్వాత ఒళ్ళో పెట్టుకున్నారు. పావుగంటకి టీ వచ్చింది, అందరికీ వచ్చింది. ఆకాశం ఏమీ విరిగి పడలేదు.

ఇంట్లో మాత్రం పడింది.

"నలుగురిలో తల కొట్టేసినట్టయింది నాకు," అన్నాడు సుబ్రహ్మణ్యం చెప్పులు విసిరేస్తూ. "ఆయన చెయ్యి చాపి కూర్చున్నారు! చూశావా? పిల్లల బొమ్మల సినిమా, దాని చివర ఏమైతేనేం? చూసేసిందే కదా!"

"చూడలేదండీ."

"ఏమిటి చూడలేదు? పోయినసారి పక్కనే ఉంటివి."

"షెడ్డులో ఉన్నాను."

ఆయన ఆ సంగతి ఎప్పుడూ తట్టనివాడిలా చూశాడు. ఆ చూపు సుందరికి కొత్త. కానీ వెంటనే పేపరు అందుకుని ముందు గదిలో పడక్కుర్చీలో వాలాడు. "నాకు అన్నం వద్దు."

అది ఆ ఇంట్లో చాలా పెద్ద మాట. ఆయన అలిగి అన్నం వద్దంటే ఇంట్లో ఎవరూ తినరు. తినకూడదని ఎవరూ శాసించలేదు, తినరు, అంతే. సుందరి మూడుసార్లు వెళ్ళి బతిమాలాలి. మొదటిసారి పలకడు. రెండోసారి "నాకు ఆకలి లేదన్నానా" అంటాడు. మూడోసారి, అమ్మ కోసం తింటున్నట్టు లేస్తాడు. ఈలోపు పొయ్యి మీంచి దించిన అన్నం అట్ట కడుతుంది. వాళ్ళ నాన్నగారి హయాంలో ఒక్కోసారి సాయంత్రం దాకా పట్టేదట. పుణ్యవతి గారు అది ఒక విధమైన గర్వంతోనే చెబుతారు.

సుందరి అన్నం వార్చింది. ముందు గది గుమ్మం దాకా వెళ్ళింది.

"వడ్డించానండీ. రండి."

పేపరు కదల్లేదు. పేజీ మాత్రం తిరిగింది.

సుందరి వెనక్కి వచ్చింది. వంటింట్లో నాలుగు పీటలు వాల్చింది. నాలుగు కంచాలు పెట్టింది. మూడింటిలో అన్నం వడ్డించింది. ఆవిరి వంకీలు తిరుగుతూ లేచింది.

పుణ్యవతి గారు గోడకి ఆనుకుని ఇదంతా చూస్తున్నారు. "అబ్బాయి?" అన్నారు.

"పిలిచాను అత్తయ్యగారూ. ఆయన కంచం అదిగో. ఆకలైనప్పుడు వస్తారు."

"ఇంకో రెండుసార్లు పిలవాలి కదే."

సుందరి గరిటెతో పప్పు వేసింది, ముందు అత్తగారి కంచంలో. పుణ్యవతి గారు కంచం వంక చూశారు, ముందు గది వంక చూశారు. ఆ అరవై ఎనిమిదేళ్ళ మొహంలో ఎప్పటెప్పటి సాయంత్రాలో కదిలాయి. పీట మీద కూర్చోలేదు గానీ, వెళ్ళిపోనూ లేదు.

"టీకి లేవలేదటగా నువ్వు," అన్నారు చివరికి. "రత్న చెప్పింది. చేతిలో నోము అక్షింతలు పట్టుకుని కూర్చున్నావట."

తిట్లు వస్తాయనుకుంది సుందరి. "తప్పయితే క్షమించండి అత్తయ్యగారూ. కథ మధ్యలో లేవకూడదని మీరే..."

"నేనే చెప్పాను." పుణ్యవతి గారి గొంతు మెత్తబడింది. "మా ఇంట్లో ఏటా వ్రతం. యాభై ఏళ్ళు. మూడో అధ్యాయం అవుతుండగా మా అత్తగారు సైగ చేసేది, లేచి ప్రసాదం కలపమని. నాలుగోది పొయ్యి దగ్గరే. ఐదోది ఆకులు కడుగుతూ. హారతికి గంట మోగితే చేతులు తుడుచుకుని పరిగెత్తేదాన్ని. ఊళ్ళో అందరికీ చెబుతాను మధ్యలో లేవకండర్రా అని. ఆ ఐదో అధ్యాయంలో ఏముందో నాకిప్పటికీ తెలీదే సుందరీ."

పన్నెండు దాటిన ఎండ కిటికీలోంచి వచ్చి మూడు కంచాల మీద పడుతోంది.

"సాయంత్రం ఆ అధ్యాయం నేను చదువుతాను, మీరు కూర్చుని వినండి," అంది సుందరి.

"ప్రసాదం ఎవరు చేస్తారే?"

"ముందే చేసి పెట్టుకుందాం."

ఇంత చిన్న ఉపాయం యాభై ఏళ్ళుగా ఎవరికీ ఎందుకు తట్టలేదా అన్నట్టు చూశారు పుణ్యవతి గారు. నెమ్మదిగా పీట మీద కూర్చున్నారు. "ఇంతకీ ఆ బొమ్మల కథ చివర ఏమైంది? అన్నం గిన్నెతో వెళ్ళిపోయిందటగా?"

"అవునత్తయ్యగారూ. వంతెన దాటింది. కొండెక్కింది. అక్కడ రాయి మీద కూర్చుని తింది."

రత్నమాల తలెత్తింది. "అలా కాదు కదమ్మా..." అని మొదలుపెట్టింది. అమ్మ మొహం చూసింది. అమ్మ జుట్టులో ఇంకా రెండు అక్షింతలు చిక్కుకుని ఉన్నాయి. ఆ పిల్ల ఏమనుకుందో, "అవును బామ్మా," అంది. "కొండ మీంచి సముద్రం కనిపించింది."

సుందరి కూర్చుంది. కంచం ముందుకి లాక్కుంది. కంచం అంచు తాకి కళ్ళకద్దుకుని, అన్నంలో చెయ్యి పెట్టింది.

"సుందరీ!" ముందు గదిలోంచి వచ్చింది పిలుపు. "మంచినీళ్ళు!"

రత్న మోకాళ్ళు పీట మీంచి లేచాయి. పుణ్యవతి గారు ఎడం చేయి చాచి, మనవరాలి భుజం మీద వేసి, కిందికి నొక్కారు.

"కూర్చో. మధ్యలో లేవకూడదు."

సుందరి ముద్ద కలిపింది. చటుక్కున వేళ్ళు వెనక్కి తీసుకుని ఊదుకుంది. పదిహేనేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో అన్నం ఆవిడ వేళ్ళు కాల్చడం అదే మొదటిసారి.